గోడ కూడా ఒక స్పీకరే

"సార్, దాచుకున్న డబ్బులన్నీ పెట్టి కంప్యూటర్‌కి స్టూడియోల్లో వాడే మానిటర్ స్పీకర్లు కొన్నాను. పాట వింటుంటే బేస్ గిటార్ కొన్ని స్వరాల దగ్గర ఉన్నట్టుండి మాయమైపోతోంది. పాత డబ్బా స్పీకర్లే నయమనిపిస్తోంది. మోసపోయానంటారా?" అని షార్ట్ ఫిల్ములకు సౌండ్ మిక్సింగ్ చేసే కుర్రాడొకడు అడిగాడు. గది ఫొటో పంపమన్నాను. బల్ల మీద రెండు స్పీకర్లు, వాటి వెనక మీటరు దూరంలో నున్నటి ఖాళీ గోడ. స్పీకర్లు గోడకి దగ్గరగా పెట్టకూడదని ఎవరో చెబితే బల్లని పాపం కష్టపడి ముందుకి లాగాడట.

ఏ కేబుల్ కొనాలి, ఏ జాక్ ఎక్కడ గుచ్చాలి లాంటివి నేను చెప్పను, స్పీకర్‌తో వచ్చిన కాగితంలోనే ఉంటాయి. ఒక్కటి మాత్రం, గుయ్యిమని హమ్ వస్తోందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను పీకే పని పెట్టుకోకండి. ఆ పిన్ను ఉన్నది మీ ప్రాణం కోసం. ఇక గోడ సంగతికి వద్దాం, అసలు కథంతా అక్కడే ఉంది.

అట్లతద్దికి చింతచెట్టుకి కట్టే ఉయ్యాల గుర్తుందా? ఒకరు ఊపుతున్నారు, సరైన సమయానికి తోస్తున్నారు, ఉయ్యాల పైపైకి వెళ్తోంది. ఇప్పుడు రెండో మనిషి వచ్చి అంతే బలంతో, అదే వైపుకి తోయడం మొదలుపెట్టాడు, కానీ ప్రతి తోపూ కొంచెం ఆలస్యం. ఆ ఆలస్యం సరిగ్గా ఉయ్యాల అరచుట్టు సమయమైతే? ఉయ్యాల వెనక్కి వస్తుంటే వీడు ముందుకి తోస్తాడు. మొదటివాడు ఇచ్చింది రెండోవాడు లాగేసుకుంటాడు. ఇద్దరూ చెమటలు కక్కుతుంటారు, ఉయ్యాల మాత్రం కదలదు.

మీ చెవిపొర ఆ ఉయ్యాల, స్పీకరు మొదటివాడు, గోడ రెండోవాడు. శబ్దం స్పీకరు నుంచి వెనక్కి వెళ్ళి, గోడకి తగిలి తిరిగొచ్చేసరికి రెండు మీటర్లు ఎక్కువ నడుస్తుంది. మన ఊళ్ళ వేడికి శబ్దవేగం సెకనుకి 345 మీటర్లనుకుంటే ఆ ఆలస్యం 5.8 మిల్లీసెకండ్లు. అరచుట్టుకి అంత సమయం తీసుకునే కంపనం సుమారు 86 హెర్ట్జ్, అంటే సెకనుకి 86 చుట్లు. కుర్రాడి స్వరాలు మాయమైంది ఆ చుట్టుపక్కలే. ఆలస్యం అంతే ఉంచి ఉయ్యాల తాడు పొట్టిది చేయండి, అంటే 172 హెర్ట్జ్ స్వరం వేయండి: ఈసారి రెండోవాడి తోపు పూర్తి చుట్టు తర్వాత, సరిగ్గా వేళకే పడుతుంది, శబ్దం పెరుగుతుంది. 258 దగ్గర మళ్ళీ దెబ్బలాట. స్పీకరు ముందువైపు నుంచి గోడకి దూరం ఎంతో కొలవండి, దాన్ని నాలుగింతలు చేసి 345ని దాంతో భాగించండి, మొదటి గొయ్యి, అంటే శబ్దం పడిపోయే చోటు, ఎక్కడుందో తెలిసిపోతుంది.

"బేస్ ముందుకి కదా వస్తుంది, వెనక గోడ దాకా ఎలా పోతుంది?" అంటారేమో. 86 హెర్ట్జ్ అల పొడవు 4 మీటర్లు. జానెడు వెడల్పు డబ్బా దాన్ని ఏం ఆపుతుంది, చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది. 5000 హెర్ట్జ్ అల 7 సెంటీమీటర్లే, అది బుద్ధిగా ముందుకే వెళ్తుంది. అందుకే ఈ వెనక గోడ గొడవ ముఖ్యంగా బేస్‌కే.

కుర్రాడు ఈక్వలైజర్‌లో (ఏ స్వరాల్ని ఎంత పెంచాలో, తగ్గించాలో విడిగా చెప్పే చోట) 86 దగ్గర ఆరు డెసిబెల్స్, అంటే తోపు రెట్టింపయ్యేంత, పెంచి కూడా చూశాడట, ఫలితం లేదు. ఎలా ఉంటుంది! మొదటివాణ్ణి రెట్టింపు బలంతో తోయమంటే గోడ కూడా రెట్టింపు బలంతోనే తోస్తుంది. జీతం పెరిగిన నెలలోనే అద్దె పెరిగినట్టు. పైగా బేస్ పలికే ఆ వూఫర్‌కి అనవసరంగా ఆయాసం.

గోడలకి గుడ్ల అట్టలు మేకులతో కొట్టేవాళ్ళున్నారు, ఇది మన ఇంటి స్టూడియోల దిష్టిబొమ్మ. ఆ 4 మీటర్ల అలని దూదిలాంటి మెత్తని పదార్థంతో సరిగ్గా మింగించాలంటే దాని మందం మీటరుకి దగ్గర్లో ఉండాలి. అంగుళం అట్ట ఏం చేస్తుంది, బొద్దింకలకి ఇల్లవుతుంది. పెద్ద స్టూడియోలవాళ్ళకీ ఇలాంటి నమ్మకాలు తక్కువేం కాదు. 1978లో యమహా ఇళ్ళలో వినడానికని ఎన్‌ఎస్-10 స్పీకరు తెస్తే అది స్టూడియోల్లోకి ఎక్కింది. పైస్థాయి మరీ కరుకుగా ఉందని, దాన్ని పలికే ట్వీటర్ మీద టిష్యూ కాగితం వేలాడదీశారు, ఏ టిష్యూ మంచిదని వాదించుకున్నారు కూడా. కాగితం కొంత శబ్దాన్ని వెనక్కి కొడుతుంది, అది మళ్ళీ ముందుకొచ్చి అసలుదానితో కలుస్తుంది, అంటే ఇక్కడా అదే రెండో మనిషి! 1987లో యమహానే ట్వీటర్ మార్చి కొత్త మోడల్ తెచ్చింది.

మీ బల్ల కూడా ఆ రెండోవాడే. స్పీకరు మీకు మీటరు దూరంలో, బల్లకి 20 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, మీ చెవి 35 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, బల్లకి తగిలి వచ్చే శబ్దం 13 సెంటీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. గొయ్యి 1300 హెర్ట్జ్ దగ్గర, మళ్ళీ 4000 దగ్గర, దువ్వెన పళ్ళలా అలా పైకి పోతుంది. డైలాగుల స్పష్టత ఉండేదే అక్కడ. స్పీకర్లని స్టాండు మీదికెక్కించి బల్లకి దూరం చేస్తే చాలావరకు తగ్గుతుంది.

కుర్రాడికి నేను చెప్పిందల్లా బల్లని మళ్ళీ గోడ దగ్గరికి నెట్టమని. స్పీకరు ముందుభాగం గోడకి 30 సెంటీమీటర్లలో ఉంటే గొయ్యి 290 దగ్గరికి జరుగుతుంది, అక్కడికొచ్చేసరికి వెనక్కి పోయే శబ్దమే తక్కువ కాబట్టి అంత లోతుండదు. ఆలస్యం తగ్గింది కాబట్టి అట్టడుగు బేస్‌కి మాత్రం గోడ సాయం పడుతుంది, ఒక్కోసారి మరీ ఎక్కువగా. దానికోసమే కొన్ని మానిటర్ల వెనక రూమ్ కంట్రోల్ అని స్విచ్ ఉంటుంది. యమహా హెచ్‌ఎస్5లో అది 500 హెర్ట్జ్ కింద రెండో నాలుగో డెసిబెల్స్ తగ్గిస్తుంది. గొయ్యి దగ్గర పెంచడం పనిచేయలేదు గానీ ఈ అట్టడుగున తగ్గించడం పనిచేస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఇద్దరూ ఒకే వేళకి తోస్తున్నారు.

నెట్టాడు. స్వరాలు తిరిగొచ్చాయి. కానీ 57 హెర్ట్జ్ దగ్గర గది మోగిపోతోందట. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 10 అడుగులేనన్నాడు! చదరపు గది ఇంకెందుకైనా మంచిదేమో, మిక్సింగ్‌కి కాదు. మూడు జతల గోడల మధ్యా ఒకే స్వరం ఊగుతుంది, గోడల దగ్గర విపరీతం, నట్టనడుమ సున్నా. కుర్చీని సరిగ్గా మధ్యలో వేయొద్దని, ఫోన్‌లో టోన్ జనరేటర్ (ఒక్క స్వరాన్నే మోగించే యాప్) పెట్టి 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ గదంతా తిరిగి వినమని చెప్పాను. రాత్రి మెసేజ్ వచ్చింది: 63 దగ్గర ఇనప బీరువా తలుపు గిలగిల్లాడుతోంది, అమ్మ లేచింది.