నీడ చెప్పని టైము

చిన్నోడా, బుజ్జమ్మా,

మీ లొల్లి ఫోన్‌ల వినీ వినీ నాయనమ్మకు తల నొస్తున్నది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల దిగిన ఫోటో పొద్దుగాలదని ఒకరు, తిన్నంక దిగిందని ఒకరు. నీడను చూసి తేల్చుదామంటే ఆ గుడిల కుదరదు. గర్భగుడిల పడే స్తంభం నీడ పగలంతా ఒక్కకాడనే నిలబడి ఉంటది. గుడికి ఆ పేరు అందుకే వచ్చింది. అందుకని ఫోటోనే అడిగిన.

బుజ్జమ్మ వాట్సాప్‌ల పంపింది ముందు తెరిచిన. కంప్యూటర్ల ఫోటోలు చూసే ఇర్ఫాన్‌వ్యూ అనే ప్రోగ్రాంల ఐ అక్షరం నొక్కితే ఫోటో వివరాల డబ్బా వస్తది. 1600 × 1200 అని ఉంది గని, తీసిన టైము లేదు. వాట్సాప్ ఫోటోను కుదించి, దాని వెంట ఉన్న రాతలన్ని దులిపేసి పంపుతది. ఫైలు పేరుల ఉన్న తేదీని నమ్మకుండ్రి, అది ఫోటో తీసిన రోజే కావాలని లేదు.

చిన్నోడు అదే ఫోటోను డాక్యుమెంట్‌గ పంపిండు. దాంట్ల అన్నీ ఉన్నయి. 4000 × 3000. గుణించుండ్రి, 1 కోటి 20 లక్షల చుక్కలు. 12 మెగాపిక్సెల్ అంటే గంతే. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం తలా ఒక బైటు. మొత్తం 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే 34 ఎంబీ పైచిలుకు. మరి డిస్క్ సైజు 3 ఎంబీ అనే చూపిస్తుందేంది? రెండూ నిజమే. బొంతను వాకిట్ల పరిస్తే ఒక జాగ, మడిచి సందూకల పెడితే ఒక జాగ. అయితే ఫోటోను ఇట్ల మడిచే జేపెగ్ అనే పద్ధతి ఉత్తగ మడువదు, కొంత కోస్తది గూడ. మన కన్ను వెలుతురు తేడాను పట్టినంత రంగు తేడాను పట్టదు, అందుకే రంగుల కాడ ఎక్కువ కోత. దిద్ది సేవ్ చేసినప్పుడల్లా మళ్ల కోతే. అసలు ఫైలును ముట్టకుండ, కాపీ మీద దిద్దుకోండ్రి.

కింద ఎగ్జిఫ్ బటన్ నొక్కిన. ఫోటో వెంట కెమెరా రాసిపెట్టే వివరాలను ఎగ్జిఫ్ అంటరు. లోపలి ఫోటోకు షట్టర్ 1/15 సెకను, ఐఎస్‌ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలనే అంకె) 1600. బయట మండపం ఫోటోకు 1/1000, ఐఎస్‌ఓ 50. చీకట్ల వెలుతురు చాలక షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉన్నది, అంతల చిన్నోని చెయ్యి కదిలింది. బుజ్జమ్మ మొఖం చెదిరింది అందుకే, కెమెరా తప్పు కాదు.

అండ్లనే అక్షాంశం, రేఖాంశం గూడ ఉన్నయి. గుడిది ఎవ్వలు చూసినా నష్టం లేదు. ఇంట్ల తీసిన ఫోటో అసలు ఫైలు మాత్రం తెల్వనోళ్లకు పంపకుండ్రి, మన గడప దాకా తోవ చూపిస్తది.

ఇగ టైము. మాడిఫైడ్ అనే తేదీ దిద్ది సేవ్ చేస్తే మారుతది. డేట్ టేకెన్, అంటే ఫోటో తీసిన టైము, చూడాలె. అది గూడ కెమెరా గడియారం చెప్పిన మాటే. నా పాత కెమెరా బ్యాటరీ సచ్చిపోయి, సాగర్ గేట్ల నుంచి నీళ్లు దుంకుతున్న ఫోటోలన్ని జనవరి 1 నాటివని చూపిస్తయి. వానకాలం వరదకు ఎత్తే గేట్లు జనవరిల ఎవలెత్తుతరు? ఫోన్ గడియారం నెట్‌వర్క్ నుంచి సరిచేసుకుంటది కాబట్టి మీదాన్ని నమ్మిన.

గుడి ఫోటో 1:05. పులిహోర డబ్బా మూత తీస్తున్న ఫోటో 1:32. అంటే పొద్దుగాలా కాదు, తిన్నంకా కాదు. ఇద్దరూ ఓడిండ్రు. ఓడినోళ్లు ఆదివారం ఫోన్ చేయాలని నాయనమ్మ తీర్పు.

మీ తాత
నల్లగొండ