కట్టు విప్పాక కండ చచ్చిపోతుందా?

"కండ చచ్చిపోయింది, ఇంక రాదంట కదా సార్?" ఈ వారంలో ఇది మూడోసారి వినడం. ఎవరు చెప్పారని అడిగితే పక్కింటాయన. కడపలో ఫిజియోథెరపీ చేస్తున్నానే గానీ, ఈ పక్కింటాయన ముందు నా మాట చెల్లదు.

మొన్న ఒక అవ్వ వచ్చింది. కాలికి ఆరు వారాలు పిండికట్టు. రెండు కాళ్లూ పక్కపక్కన చాపి, "ఇది నా కాలేనా నాయనా?" అంది. టేపుతో కొలిస్తే ఆ తొడ రెండున్నర సెంటీమీటర్లు సన్నం. కట్టు విప్పాక కూడా, కదిలిస్తే ఇంకా అరిగిపోతుందని కొడుకు మంచం దిగనివ్వలేదు. ప్రేమతోనే. కానీ నష్టం అక్కడే జరిగింది.

తొడలో ఒక్కో కండపోగూ ఒకే కణం. వెంట్రుకంత సన్నం, పొడవు మాత్రం సెంటీమీటర్లలో, లోపల వందల కేంద్రకాలు. నరం నుంచి కబురు రాగానే లోపల కాల్షియం విడుదలవుతుంది, మయోసిన్ అనే ప్రోటీన్ తలలు యాక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ పోగులను పట్టి లాగుతాయి, చేదతాడును చెయ్యి మార్చి చెయ్యి లాగినట్టు. ఆ పట్టు వదలడానికి కూడా ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం, కావాలి. (శవం బిగుసుకుపోయేది అది అయిపోయే.) పని లేకపోతే కణం ఈ పోగులను కరిగించుకుంటుంది, కొత్తవి కట్టడం తగ్గిస్తుంది. సన్నబడుతుంది, అంతే. పని పెడితే మళ్లీ కడుతుంది. డెబ్బై దాటినా కడుతుంది, నిదానంగా.

నేనూ స్కూటర్ మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు తీసిన రోజు టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది. చదివింది ఇదే అయినా ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

కండ కొవ్వుగా మారడం అబద్ధం, రెండూ వేరు వేరు కణాలు. వ్యాయామం చేసిన మర్నాటి నొప్పి లాక్టిక్ యాసిడ్ వల్ల కాదు, ఆ యాసిడ్ గంటా రెండు గంటల్లోనే పోతుంది. ఎముక అతికిందని డాక్టర్ చెప్పకుండా మాత్రం బరువు మోపకండి. పిక్క ఉన్నట్టుండి వాచి వేడిగా ఉంటే వ్యాయామం ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

అవ్వ మోకాలి కింద టవల్ చుట్టి పెట్టి, "కిందికి నొక్కవ్వా" అన్నాను. ఏమీ కదల్లేదు. ఆమె చెయ్యే తొడ మీద పెట్టించి మళ్లీ నొక్కమన్నాను. నాలుగోసారికి చేతి కింద కండ బిగిసింది. కొడుకు వైపు తిరిగి, "ఉంది రా, లోపలే ఉంది" అంది.