గౌను, గ్లవ్స్ వేసుకున్నా ఆగని సూక్ష్మజీవి: బెథెస్డా ఆసుపత్రిలో జరిగిన వెతుకులాట

2011 జూన్ 13న న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి నుంచి ఓ పేషెంటును బెథెస్డాకు తీసుకొచ్చారు. వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆ ఊళ్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన క్లినికల్ సెంటర్ ఉంది. అప్పట్లో 243 పడకల పరిశోధన ఆసుపత్రి అది. ఆమె ఒంట్లో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా ఉందని, అది దాదాపు ఏ యాంటీబయాటిక్‌కూ లొంగడం లేదని డాక్టర్లకు ముందే తెలుసు. అందుకే మొదటి రోజు నుంచే ఆమెను విడిగా ఉంచారు. గదిలోకి వెళ్లే వాళ్లంతా గౌను, గ్లవ్స్ వేసుకునే వెళ్లారు. జూలై 15న ఆమె డిశ్చార్జి అయ్యారు. అప్పటికి ఇంకెవరికీ అంటిన జాడ లేదు.

మూడు వారాలు గడిచాక, ఆగస్టు 5న, మరో పేషెంటులో అదే రకం బ్యాక్టీరియా కనిపించింది. ఆ తర్వాత ఇంచుమించు వారానికి ఒకరు చొప్పున బయటపడుతూ వచ్చారు. ఏడాది చివరికి మొత్తం 18 మంది. వాళ్లలో 11 మంది చనిపోయారు. ఆరుగురి మరణానికి ఈ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు. మిగతావాళ్లు అంతకుముందే ఉన్న జబ్బులతో పోయారు.

క్లెబ్సియెల్లా కొత్త క్రిమేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లోనూ ఏ హానీ చేయకుండా ఉంటుంది. మనిషి నీరసించినప్పుడు, వెంటిలేటర్ గొట్టమో మూత్రం పైపో లోపలికి దారి ఇచ్చినప్పుడు మాత్రం ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి చేరుతుంది. ఒకప్పుడు మందులతో తగ్గిపోయేది. పాత యాంటీబయాటిక్స్ పనిచేయనప్పుడు వాడటానికి 1980ల్లో కార్బపెనెమ్ మందులు వచ్చాయి. వాటినీ విరిచేసే ఎంజైమ్ ఒకటి 1996లో నార్త్ కరోలినాలో సేకరించిన క్లెబ్సియెల్లా నమూనాలో దొరికింది. దాని వివరాలు 2001లో అచ్చయ్యాయి. తర్వాతి పదేళ్లలో అది న్యూయార్క్ ఆసుపత్రుల్లో పాతుకుపోయింది. ఇక మిగిలింది కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఎప్పుడో పక్కన పెట్టిన మందు అది. వేరే దారి లేక మళ్లీ దాన్నే బయటికి తీశారు. బెథెస్డాలో కొందరి విషయంలో అదీ పనిచేయకుండా పోయింది.

ఆసుపత్రిలో రోగం ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో వెతకడం పాత పనే. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టర్ చేసింది అదే. డాక్టర్లు, వైద్య విద్యార్థులు ఉండే ప్రసూతి వార్డులో అంతకుముందు ఏడాది వందకు పదకొండు మందికి పైగా తల్లులు చనిపోయారు. మంత్రసానుల వార్డులో ముగ్గురు కూడా లేరు. శవాలను కోసిన చేతులతోనే పురుడు పోస్తున్నారని ఆయన గుర్తించి, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. అప్పటికి ఆయన దగ్గర ఉన్నవి వార్డు లెక్కలే. ఆ లెక్కలు తేడాను చూపించగలవు గానీ, ఫలానా మంచం నుంచి ఫలానా మంచానికి ఏ దారిన వెళ్లిందో చెప్పలేవు.

ఆ తర్వాత బ్యాక్టీరియా డీఎన్ఏను ముక్కలు చేసి, ఆ ముక్కలు జెల్ మీద వేసే గీతలను పోల్చే పద్ధతి వచ్చింది. చాలా ఏళ్లు ల్యాబులు దాన్నే నమ్ముకున్నాయి. కానీ అమెరికాలో తిరుగుతున్న ఈ రకం క్లెబ్సియెల్లా అంతా ఒకే కుటుంబానిది. గీతలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. రెండో పేషెంటుకు వచ్చింది జూన్‌లో వచ్చిన ఆమె నుంచేనా, లేక బయటి నుంచి ఇంకెవరైనా తెచ్చారా? ఈ ఒక్క ప్రశ్నకు కూడా ఆ పద్ధతి గట్టిగా జవాబు చెప్పలేకపోయింది.

అప్పుడు ఆ సంస్థ పరిశోధకులు జూలీ సెగ్రే, ఎవాన్ స్నిట్కిన్, టారా పామోర్ తదితరులు ప్రతి పేషెంటు నుంచి తీసిన బ్యాక్టీరియా జన్యుక్రమం మొత్తాన్ని చదివారు. ఒక్కో దానిలో దాదాపు 60 లక్షల డీఎన్ఏ అక్షరాలు. అందరి నమూనాలూ కలిపి చూస్తే తేడా వచ్చింది 41 చోట్ల మాత్రమే. ఆ కొద్దిపాటి తేడాలే దారి చూపించాయి. అన్నిటికీ మూలం ఆ మొదటి పేషెంటే. ఆమె నుంచి ఒక్కసారి కాదు, మూడు వేర్వేరు సార్లు ఇతరులకు పాకింది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి తేలింది. పరీక్షలో ఎవరిది ముందు బయటపడితే వాళ్లకే ముందు సోకిందని అనుకుంటాం. ఇక్కడ ఆ వరుస కుదరలేదు. జబ్బు లక్షణాలేవీ లేని పేషెంట్ల పేగుల్లో అది వారాల తరబడి కూర్చుని, వాళ్ల నుంచే మిగతావాళ్లకు వెళ్లింది. నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ ఇదే. జ్వరం వచ్చినవాళ్ల రక్తం మాత్రమే పరీక్షించే ఆసుపత్రికి దారిలో సగం ఎప్పటికీ కనపడదు. అందుకే బెథెస్డాలో ఐసీయూతో ఆగకుండా ఆసుపత్రి అంతటా, బాగానే ఉన్నట్టు కనిపించే పేషెంట్లకు కూడా మలద్వారం స్వాబ్ పరీక్షలు చేశారు.

గదుల్లో వెతికితే సింకుల తూముల్లో ఆ బ్యాక్టీరియా కనిపించింది. శుభ్రం చేసి పెట్టిన ఒక వెంటిలేటర్ మీద కూడా ఉంది. గోడ కట్టి సోకినవాళ్లకు ప్రత్యేక ఐసీయూ ఏర్పాటు చేశారు. వాళ్లను చూసుకునే సిబ్బందిని వేరు చేశారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో గదులు శుద్ధి చేశారు. పైపులు ఊడదీసి మార్చారు. అందరూ చేతులు కడుగుతున్నారో లేదో చూడటానికే మనుషులను పెట్టారు. ఏడాది చివరికి వ్యాప్తి ఆగింది.

ఈ సంగతి సామాన్య జనానికి తెలిసింది మాత్రం 2012 ఆగస్టులో, పరిశోధన పత్రం అచ్చయ్యాక. ఏడాది పాటు ఎందుకు చెప్పలేదని విమర్శలు వచ్చాయి. అవి న్యాయమైనవే. ఆ నెలల్లో అదే ఆసుపత్రిలో చేరిన కుటుంబాలకు ఆ విషయం తెలుసుకునే హక్కు ఉంది. మరుసటి నెలలోనే ఇంకో పేషెంటు అదే ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు.

ఇది దూరదేశపు కథ అనుకోవడానికి లేదు. 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కొందరికి ఇన్ఫెక్షన్ సోకి చూపు దెబ్బతింది. ఆపరేషన్‌లో వాడిన రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవాన్ని పరీక్షిస్తే అందులో దొరికిందీ క్లెబ్సియెల్లానే. అక్కడ దారి సీసాలోంచి వచ్చింది, బెథెస్డాలో మనుషుల్లోంచి. అనుమానం ఉన్న సీసాను పారేయకుండా ల్యాబుకు పంపితేనే అలాంటి సంగతి తెలుస్తుంది.

నమూనాలు భద్రపరచడం ఎంత ముఖ్యమో బెథెస్డాలోనే మరోసారి రుజువైంది. 2016లో అక్కడ ఆరుగురు పేషెంట్లకు స్ఫింగోమోనాస్ కొరియెన్సిస్ అనే అరుదైన బ్యాక్టీరియా సోకింది. ఫ్రీజర్లో భద్రపరిచిన పాత నమూనాలను బయటికి తీసి జన్యుక్రమం చదివితే, అదే బ్యాక్టీరియా 2006 నుంచే పేషెంట్లలో అప్పుడప్పుడూ కనిపిస్తూ వచ్చిందని తెలిసింది. అది ఉన్నది ఆసుపత్రి నీళ్ల పైపుల్లో. వేడినీళ్ల ఉష్ణోగ్రత, నీళ్లలో క్లోరిన్ మోతాదు పెంచారు.