సెబాస్తియా: ఊరికీ కొండకీ మధ్య గీసిన గీత

ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం పశ్చిమ తీరం (వెస్ట్ బ్యాంక్)లో నబ్లస్‌కు వాయవ్యంగా ఉన్న సెబాస్తియా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. అక్కడి పురావస్తు స్థలం కోసం సుమారు 1,800 దునాముల భూమిని తీసుకోబోతున్నామని ఇజ్రాయెల్ పౌర పరిపాలన విభాగం 2025 నవంబరులో ప్రకటించింది. మన లెక్కలో దాదాపు 445 ఎకరాలు. అందులో వేలాది ఆలివ్ చెట్లున్నాయి. అభ్యంతరాలకు ఇచ్చిన గడువు 14 రోజులు.

తెలుగు బైబిల్‌లో షోమ్రోను అని కనిపించే పట్టణం ఇదే. అక్కడ ఏలిన రాజులు ఒమ్రీ, అహాబు, ప్రవక్త ఏలీయా కథలు చాలామందికి తెలిసినవే కాబట్టి మళ్లీ చెప్పనక్కర్లేదు. తర్వాత రోమన్ల కింద ఏలిన హేరోదు రాజు దీన్ని కొత్తగా కట్టించి, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బిరుదుకు గ్రీకు రూపమైన సెబాస్టోస్ మీదుగా పేరు పెట్టాడు. ఊరివాళ్ల నోట ఈరోజుకీ అదే పేరు. కానీ ఇప్పటి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి పోనవసరం లేదు, 1995 దగ్గర ఆగితే చాలు.

ఆ ఏడాది సెప్టెంబరు 28న ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య సంతకాలు జరిగిన రెండో ఓస్లో ఒప్పందం పశ్చిమ తీరాన్ని ఎ, బి, సి ప్రాంతాలుగా విడదీసింది. సెబాస్తియాలో ఇళ్లున్న భాగం, పౌర పాలన పాలస్తీనీయులు చూసే బి కిందికి వచ్చింది. పక్కనే కొండ మీద ఉన్న రాజభవనం పునాదులు, రోమన్ స్తంభాలు, గుడి మెట్లు, పూర్తిగా ఇజ్రాయెల్ చేతిలో ఉన్న సి కిందికి పోయాయి. ఊళ్లో ఇల్లు కట్టుకోవాలంటే పాలస్తీనా అధికారుల పర్మిషన్ కావాలి. నాలుగడుగులు పైకెక్కి తాతల నాటి తోటలో ఏం చేయాలన్నా సైన్యం కింద పనిచేసే ఇజ్రాయెల్ అధికారులను అడగాలి. సి ప్రాంతంలో ఎక్కువ భాగాన్ని 18 నెలల్లో దశలవారీగా పాలస్తీనీయులకు అప్పగించాలని ఆ ఒప్పందంలోనే ఉంది. అది జరగలేదు. తాత్కాలికమని గీసిన గీత ముప్పై ఏళ్లుగా అలాగే ఉండిపోయింది.

గీత అలా పడటానికీ ఒక కారణం ఉంది. ఊరికి దగ్గర్లో ఒట్టోమన్ కాలపు పాత రైల్వే స్టేషన్ ఉండేది. పశ్చిమ తీరంలో యూదుల కాలనీలు (సెటిల్‌మెంట్లు) కట్టాలనే గుష్ ఎమునిమ్ ఉద్యమం వాళ్లు అక్కడికి పదే పదే వచ్చి కూర్చునేవారు, సైన్యం ఖాళీ చేయించేది. 1975 డిసెంబరులో, ఎనిమిదో ప్రయత్నంలో, ఇజ్రాయెల్ ప్రధాని రబిన్ ప్రభుత్వం రాజీకొచ్చింది. 30 కుటుంబాలు దగ్గర్లోని కదూమ్ సైనిక శిబిరంలో ఉండొచ్చని ఒప్పుకుంది. ఆ శిబిరమే తర్వాత కెదుమిమ్ సెటిల్‌మెంట్ అయింది. 1977లో సెబాస్తియా పక్కనే షావె షోమ్రోన్ అనే మరో సెటిల్‌మెంట్ వెలిసింది. ఓస్లోలో మ్యాపులు గీసేనాటికి ఈ సెటిల్‌మెంట్లు అక్కడ స్థిరపడిపోయాయి.

ఇజ్రాయెల్ వాదన ఇదీ: ఇది ప్రాచీన ఇజ్రాయెల్ రాజ్యానికి రాజధాని, యూదుల వారసత్వం, స్థలం నిర్లక్ష్యానికీ దోపిడీకీ గురైంది, కాపాడాలి, పర్యాటకులను రప్పించాలి. 2023 మేలో దీనికి సుమారు 3 కోట్ల షెకెళ్లు మంజూరు చేశారు. 2024లో సైనిక అవసరాల పేరుతో శిఖరం మీద 1,300 చదరపు మీటర్లు తీసుకున్నారు. 2025లో తవ్వకాలు మొదలుపెట్టారు. ఇజ్రాయెల్‌లోనే సెటిల్‌మెంట్లను వ్యతిరేకించే పీస్ నౌ, పురావస్తు స్థలాలను రాజకీయాలకు వాడొద్దనే ఎమెక్ షావె లాంటి సంస్థలు దీన్ని వ్యతిరేకిస్తున్నాయి.

ఊరివాళ్లు చెప్పేది వేరు. ఈ శిథిలాలు మా ఊరికి పక్కన ఉన్నవి కావు, మా ఊరే అంటారు. పన్నెండో శతాబ్దపు క్రూసేడర్ల చర్చి గోడల మధ్యే వాళ్ల నబీ యహ్యా మసీదు ఉంది. యహ్యా అంటే బైబిల్‌లోని యోహానే. బాప్తిస్మమిచ్చు యోహాను సమాధి అక్కడే ఉందని ముస్లింలూ క్రైస్తవులూ నమ్ముతారు. పర్యాటకులు వస్తేనే ఊళ్లో హోటళ్లకు బేరం. కంచె పడితే ఆ బేరమూ పోతుంది, తోటలోకి దారీ పోతుంది. 2012లోనే పాలస్తీనా సెబాస్తియాను యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్పించింది.

కొండ ఎవరిదన్న ప్రశ్నకు కొండలోంచే దొరికిన ఒక సాక్ష్యం ఉంది. 1910లో హార్వర్డ్ బృందం రాజభవనం దగ్గర తవ్వుతుంటే సిరాతో రాసిన కుండ పెంకులు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దపు లెక్కలవి. ఏ ఏడాది, ఏ ఊరినుంచి, ఎవరి పేర పాత ద్రాక్షారసం కూజా వచ్చింది, ఎవరి పేర మేలైన నూనె కూజా వచ్చింది అని ముక్తసరిగా రాసి ఉంటుంది. ఆ పేర్లలో యెహోవా పేరు కలిసినవీ ఉన్నాయి, బయలు అనే కనానీయుల దేవుడి పేరు కలిసినవీ ఉన్నాయి. రాజుగారి గిడ్డంగి గుమాస్తా ఇద్దరినీ ఒకే లెక్కలో రాసుకున్నాడు. అప్పుడు పాలన ఒట్టోమన్లది కాబట్టి ఆ పెంకులు ఇస్తాంబుల్ మ్యూజియానికి వెళ్లాయి.

ఆ నూనె వచ్చింది ఈ చుట్టుపక్కల కొండల మీది ఆలివ్ చెట్లనుంచే. ఈసారి నోటీసు వచ్చేనాటికి సెబాస్తియాలో కాయలు దులిపే సీజన్ చివరికొచ్చింది.