వాకిట్లో నిలబడ్డ కొత్త కోడలు

చిరంజీవులు చిన్నికీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగింది కదా, "షెజ్వాన్ నూడుల్స్ ఇంత కారమేంటి తాతయ్యా, చైనావాళ్లు మనకంటే ముందు నుంచే మిరపకాయ తింటున్నారా?" అని. ఫోన్‌లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నా. షెజ్వాన్ అంటే చైనాలోని సిచువాన్ సీమ పేరే.

మిరప మనకెలా వచ్చిందో వాళ్లకూ అలాగే వచ్చిందమ్మా, అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి. అంతకుముందు సిచువాన్ వంటింట్లో పెత్తనమంతా ముగ్గురిది: అల్లం, హ్వాజియావ్, జూయూ అనే ఘాటు కాయ. హ్వాజియావ్ చూడ్డానికి మిరియంలా ఉన్నా నిమ్మ కుటుంబం చెట్టు. కొరికితే నాలుక మండడం కాదు, తిమ్మిరెక్కి జుమ్మంటుంది. రెండు వేల ఏళ్ల కిందట చైనానేలిన హాన్ రాజుల కాలంలో రాణిగారి గది గోడలకు దాన్ని మట్టిలో కలిపి మెత్తేవారట, వెచ్చగా, ఘుమఘుమలాడుతూ ఉండాలని.

అలాంటి అత్తగార్లున్న ఇంటికి మిరప కొత్త కోడలిలా వచ్చింది. రాగానే వంటింట్లోకి రానిస్తారా? 1591లో తూర్పు చైనాలోని హాంగ్‌జౌ నగరానికి చెందిన గావ్ లియెన్ అనే పెద్దమనిషి రాశాడు: పూలు తెల్లన, కాయ అరిగిన కుంచె మొనలా ఉంటుంది, రుచి కారం, ఎర్రగా చూడముచ్చటగా ఉంటుంది అని. అందానికి పెంచుకునే మొక్కగానే రాశాడు. కోడలు వాకిట్లోనే ఉందన్నమాట.

లోపలికి పిలిచింది పేదవాళ్లు. సిచువాన్ పక్కనే ఉన్న గ్వీజౌ సీమ కొండల్లో ఉప్పుకు కటకట. అక్కడివాళ్లు ఉప్పుకు బదులు మిరప వాడుతున్నారని 1722లోనే రాసిపెట్టారు. ఆ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా చిన్నప్పుడు కూర లేని పూట నాయనమ్మ వేడన్నంలో కొరివికారం, నూనె కలిపి మా చేతుల్లో ముద్దలు పెట్టేది. కారం నూరిన ఆమె అరచేతులు మండుతుంటే వెన్న రాయడం నా పని. ఇంట్లో కూర లేదని మాకు తెలియనే లేదు, పండగనుకుని తిన్నాం. అందుకే చెప్తున్నా, ఎవరి కంచంలోనైనా వట్టి కారం మెతుకులు కనిపిస్తే నవ్వకండి.

తర్వాత కోడలే ఇంటి తాళాలు పుచ్చుకుంది. సిచువాన్‌లోని పీషియన్‌లో పెద్ద చిక్కుడు గింజలు, పండుమిరప, ఉప్పు కలిపి జాడీల్లో ఊరబెడతారు. ఎండకు మూత తీస్తారు, వానకు వేస్తారు, పగలు కలియబెడతారు, రాత్రి మంచుకు వదిలేస్తారు. అచ్చం మన ఊరగాయ జాడీల కాపలాయే! జూయూ అత్త వంటిల్లు వదిలేసింది. హ్వాజియావ్ అత్త మాత్రం కోడలితో కలిసి ఒకే బాణలిలో కాపురం చేస్తోంది. ఆ రుచిని 'మాలా' అంటారు. 'మా' అంటే తిమ్మిరి, 'లా' అంటే మంట.

పేరు చూడండి, ఇంకా వింత. వాళ్లు హ్వాజియావ్‌లోని పాత 'జియావ్' పేరునే తగిలించి మిరపను లాజియావ్ అన్నారు. మనం మిరియం పేరు మీదే మిరప అన్నాం. ఎక్కడి చైనా, ఎక్కడి మనం!

మీ బాల్కనీ కుండీలో మిరప పూసిందని అమ్మ చెప్పింది. పొద్దున్నే వెళ్లి చూడండి, పువ్వు తల వంచుకుని ఉంటుంది. కాయ దిగాక దాని మొన నిజంగా కుంచెలా ఉందో లేదో బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య