మీమ్ సిద్ధాంతానికి కాగితం పడవ దగ్గర తగిలిన దెబ్బ

ఏఐ బొమ్మలూ రాతలూ వాట్సాప్ గ్రూపుల్ని ముంచెత్తాక ఓ పాత వాదం మళ్ళీ పైకొచ్చింది: ఆలోచనలు వైరస్‌ల లాంటివి, మన బుర్రలు వాటిని కాపీ కొట్టే యంత్రాలు అని. జన్యువులా ఒక బుర్ర నుంచి ఇంకో బుర్రకు కాపీ అవుతూ పోయే ఆలోచనకు జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో ‘మీమ్’ అని పేరు పెట్టిన కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. అసలు మలుపు 1999, 2000 సంవత్సరాల్లో ఉంది.

అప్పటికి వాదం మంచి ఊపు మీద ఉంది. 1997లోనే దీనికంటూ ఓ ఆన్‌లైన్ పరిశోధన పత్రిక మొదలైంది. నోళ్ళు మారేకొద్దీ ఆలోచన చెడిపోదా అన్న అభ్యంతరం మాత్రం వెంటాడుతూనే ఉంది. 1999లో మీమ్‌ల మీద సూసన్ బ్లాక్‌మోర్ రాసిన పుస్తకానికి ముందుమాట రాస్తూ డాకిన్స్ దానికి జవాబిచ్చారు. పడవ బొమ్మను ఒకరిది చూసి ఒకరు గీస్తూ పోతే చివరికి అది పడవలా ఉండదు. అదే కాగితం పడవ చెయ్యడం నేర్పితే? నేర్పేవాడి మడత కాస్త వంకరపోయినా, పిల్లాడు సరిగ్గా సగానికే మడుస్తాడు. చేరేది పద్ధతి కాబట్టి చెడిపోదు.

ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త డాన్ స్పెర్బర్ 2000లో ఆ వంకర మడతనే పట్టుకున్నారు. నిజంగా కాపీయే అయితే వంకర కూడా రావాలి కదా! పిల్లాడు ఎదుటివాడి ఉద్దేశాన్ని ఊహించాడు, తప్పును తనే దిద్దుకున్నాడు. సగం సరుకు వాడి బుర్రలోదే. అంటే ఆలోచన ఒక్కో తలలో మళ్ళీ కొత్తగా తయారవుతోంది. అందరి బుర్రలూ ఇంచుమించు ఒకే తీరున పనిచేస్తాయి గనక కాపీలా కనిపిస్తుంది, అంతే. జన్యువుల్లోనూ మార్పులు వస్తాయిగా అని మీమ్ వర్గం అంటుంది. ఈ ప్రశ్నకు అది జవాబు కాదు: ఇక్కడ అడుగుతున్నది మార్పు వచ్చిందా అని కాదు, అసలు కాపీ జరిగిందా అని.

2005లో పత్రిక మూతపడింది. జన్యువుతో పోలిక తప్ప మీమెటిక్స్ (మీమ్‌ల అధ్యయనం) కొత్తగా తేల్చిందేమీ లేదని పరిశోధకుడు బ్రూస్ ఎడ్మండ్స్ ఆ ఏడాది అందులోనే రాశారు. ఇంటర్నెట్ మీమ్‌లో మార్పులు మనుషులు కావాలని చేసేవి, తన భావన హైజాక్ అయిందని 2013లో స్వయంగా డాకిన్సే అన్నారు.

మన బ్రహ్మానందం స్టిక్కర్లే చూడండి. ముఖం రవ్వంత మారదు. ఆఫీసు గ్రూపులో ఇంక్రిమెంట్ల మెసేజ్ కింద పడితే ఒక అర్థం, పెళ్ళి సంబంధం ఫొటో కింద పడితే ఇంకో అర్థం (ఆపైన ఇంట్లో గొడవ కూడా). ఒక ఫార్వర్డ్ ఎంతమందికి చేరిందో లెక్కపెట్టి అంతమందీ నమ్మేశారని తేల్చేవాళ్ళు ఇప్పుడు దాటేస్తున్నది సరిగ్గా దీన్నే: చేరేది బొమ్మే, అర్థం ఒక్కో తలలో కొత్తగా తయారవుతుంది.