కుక్ దీవుల నాడ్యూల్స్: 670 కోట్ల టన్నుల లెక్కలో అపోహలు, వాస్తవాలు

నాడ్యూల్స్ అంటే సముద్రం అడుగున పడి ఉండే లోహాల ఉండలు. పైకి తెచ్చాక వాటిని తూచి గ్రేడ్, అంటే ఏ లోహం ఎంత శాతం ఉందో లెక్కగట్టడం నా పని. మొన్న మా బావ ఫోన్ చేసి, "ఏం బావా, ఆ కుక్ దీవులోళ్ళకి తలకి నాలుగున్నర లక్షల టన్నుల ఖనిజం వస్తుందంటగా!" అన్నాడు. భాగహారం సరిగ్గానే చేశాడు. దక్షిణ పసిఫిక్‌లోని ఆ చిన్న దేశం జనాభా 15 వేలు, దాని సముద్రంలో నాడ్యూల్స్ అంచనా 670 కోట్ల టన్నులు. తేడా అంతా ఆ "వస్తుంది" దగ్గరే ఉంది.

అపోహ: 670 కోట్ల టన్నులంటే ఆ సంపద చేతికొచ్చినట్టే.

ముందుగా, అది తడి బరువు. 5 కిలోమీటర్ల లోతుకి బాక్స్ కోరర్ దించుతాం. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున్న ఇనుప పెట్టె అనుకోండి. దిగడానికి గంటన్నర, పైకి లాగడానికి ఇంకో గంటన్నర. బురద కడిగితే బంగాళాదుంపల్లాంటి నల్లటి ఉండలు బయటపడతాయి, ముట్టుకుంటే చేతికి మసి. తూచి నాలుగుతో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని కిలోలో తెలుస్తుంది. దట్టంగా ఉన్నచోట 25 కిలోలు దాటుతుంది. వాటినే ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఆరబెడితే 30 శాతం దాకా బరువు పోతుంది. అంటే ఆ పెద్ద అంకెలో 200 కోట్ల టన్నులు ఉప్పునీళ్ళే. మిగిలినదాంట్లోనూ ఎక్కువ పాలు ఇనుము, మాంగనీసు, మట్టి. అందరూ ఆశపడే కోబాల్ట్, అంటే బ్యాటరీల్లో వాడే లోహం, సుమారు 2 కోట్ల టన్నులు.

ఇంకోటి. పెట్టెలో పడేది పావు చదరపు మీటరు. పక్క నమూనాకి చాలాచోట్ల పదుల కిలోమీటర్ల దూరం. మధ్యలో ఉన్నదాన్ని మేం లెక్కతోనే నింపుతాం. అందుకే మాకు రిసోర్స్ వేరు, రిజర్వ్ వేరు. అడుగున పడి ఉన్నది రిసోర్స్. తీసి, కరిగించి, అమ్మితే ఖర్చులు పోను మిగులుతుందని తేలినదే రిజర్వ్. 2022లో మూడు కంపెనీలకిచ్చినవి అన్వేషణ లైసెన్సులు మాత్రమే, తవ్వకానికి కాదు.

అపోహ: ప్రపంచంలోకెల్లా మేలైన నాడ్యూల్స్ ఇవే.

కోబాల్ట్ వరకైతే ఒప్పుకుంటాను. ఇక్కడ 0.4 నుంచి 0.5 శాతం. హవాయికీ మెక్సికోకీ మధ్యనున్న క్లారియన్-క్లిపర్టన్ మండలంలో 0.2 దగ్గరే. కానీ అక్కడ నికెల్ 1.3, రాగి 1.1 శాతం దాకా ఉంటే, ఇక్కడ రెండూ అర శాతం లోపే. కారణం పుట్టుకలో ఉంది. అంటార్కిటికా వైపు నుంచి అడుగున పారే చల్లటి, ఆక్సిజన్ దండిగా ఉన్న నీళ్ళు ఈ నాడ్యూల్స్ ఉన్న పెన్రిన్ బేసిన్ అనే సముద్రపు లోయలోకి వస్తాయి. ఈ ఉండలు బురదలోంచి కాక ఆ నీళ్ళలోంచే లోహాన్ని పట్టుకుంటూ, పది లక్షల ఏళ్ళకి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పెరిగాయి. కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలు, నడుమ ఒక్కోసారి షార్క్ పన్ను.

కాబట్టి ఈ దేశం పందెం దాదాపుగా ఒకే లోహం మీద. ప్రపంచ కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా కాంగోదే. అక్కడ ఎగుమతుల గేటు తెరిస్తే ధర పడుతుంది, మూస్తే లేస్తుంది. పైగా ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీల్లో కోబాల్టే ఉండదు. నన్నడిగితే, 5 కిలోమీటర్ల లోతు కన్నా ఈ ధరే ఎక్కువ భయపెడుతుంది.

అపోహ: జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ ఒప్పుకుంటేనే తవ్వగలరు.

ఇవి కుక్ దీవుల సొంత ఆర్థిక మండలంలో, అంటే ఖనిజాల మీద ఆ దేశానికే హక్కున్న సముద్రంలో ఉన్నాయి. నేల 240 చదరపు కిలోమీటర్లే అయినా సముద్రం దాదాపు 20 లక్షలు. నిర్ణయం రాజధాని ఉన్న రారోటోంగా దీవిలోనే జరుగుతుంది, 2009లోనే ఇందుకు చట్టం చేసుకున్నారు. హిందూ మహాసముద్రంలో మన దేశానికున్న 75,000 చదరపు కిలోమీటర్ల సంగతి వేరు. అది అంతర్జాతీయ జలాల్లో ఉంది, ఆ సంస్థతో ఒప్పందం ఉండాల్సిందే.

అపోహ: అంత లోతులో బురద తప్ప ఏముంటుంది?

మెత్తటి బురదలో స్పాంజీలకి పట్టు దొరికేది ఈ ఉండల మీదే. పెరూ తీరానికి దూరంగా, 4 కిలోమీటర్ల లోతున, 1989లో శాస్త్రవేత్తలు ప్రయోగం కోసం సముద్రపు అడుగుని నాగలిలాంటి దాంతో దున్నారు. 26 ఏళ్ళ తర్వాత, 2015లో కెమెరా దించి చూస్తే చాళ్ళు నిన్న దున్నినట్టే ఉన్నాయి.